ఓడ ప్రయాణికులకు అరకు కాఫీ కానుక: కొనుగోలులో గమనించవలసిన అంశాలు

విశాఖపట్నం నౌకాశ్రయంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైనది. పర్యాటక నౌక రేవులో నిలిచేది సాధారణంగా కొద్ది గంటలే. అరకు లోయ సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్నందున, ఘాట్ మార్గంలో వెళ్ళి నౌక బయలుదేరు వేళకు తిరిగి రావడం కష్టసాధ్యం. కావున బంధుమిత్రులకు కానుకగా ఇవ్వదలచిన అరకు కాఫీని నగరంలోనే కొనుగోలు చేయడం అనువైన మార్గం.

తూర్పు కనుమలలోని గిరిజన రైతులు సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడలో, మిరియాల తీగల నడుమ ఈ అరబికా కాఫీని పండిస్తున్నారు. దీనికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సదస్సుకు విచ్చేసిన నేతలకు అందజేసిన కానుకలలో అరకు కాఫీ కూడా ఉన్నది. 1956లో ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) రైతుల నుండి కాఫీని సేకరించి, తన విక్రయశాలల ద్వారా అమ్ముతున్నది.

కొనుగోలుదారులు ఈ క్రింది అంశాలను గమనించవలెను:

1. ప్యాకెట్‌పై చికోరీ శాతం చూడవలెను. నిబంధనల ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. కానుకకు చికోరీ కలపని రకమే శ్రేష్ఠం.

2. పొడి కంటే వేయించిన గింజలలో సువాసన ఎక్కువ కాలం నిలుస్తుంది. తయారీ తేదీని తప్పక పరిశీలించవలెను.

3. పచ్చి గింజలపై పలు దేశాలలో మొక్కల క్వారంటైన్ ఆంక్షలు ఉన్నందున, విదేశీ ప్రయాణికులు వేయించిన కాఫీనే తీసుకొనుట మేలు.

ఇతర ప్రాంతపు గింజలు అరకు పేరుతో అమ్ముడుపోయినచో మోసపోయేది ప్రయాణికుడొక్కడే కాదు. గిట్టుబాటు ధర కోల్పోయేది గిరిజన రైతు. అందుచేత భౌగోళిక గుర్తింపు చిహ్నాన్ని సరిచూసుకొని కొనుగోలు చేయుట ఉభయులకూ శ్రేయస్కరం.