కలరా క్రిమి – వేడెక్కుతున్న సముద్రం – పాత చీర

కలరా కలుషితమైన నీటి వలన వస్తుందని మనకు తెలుసు. అయితే మనిషి కడుపులో లేనప్పుడు ఆ క్రిమి ఎక్కడ ఉంటుంది? నదులు సముద్రంలో కలిసే చోట, కంటికి ఆనీ ఆనని రొయ్యజాతి పురుగులను అంటిపెట్టుకొని బ్రతుకుతుంది. ఒక్కొక్క పురుగు మీద వేల క్రిములు ఉండవచ్చు. నీరు వేడెక్కి నాచు పెరిగితే, దానిని తినే ఈ పురుగులు పెరుగుతాయి. వాటితో కలరా కూడా. బంగాళాఖాతపు నీటి వేడికి, బంగ్లాదేశ్‌లో కలరా కేసులకు సంబంధం ఉందని అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం చూపింది.

ఆ బృందమే అక్కడి మత్లబ్ ప్రాంతపు గ్రామాలలో స్త్రీలకు ఒక పని నేర్పింది. పాత నూలు చీరను కనీసం నాలుగు పొరలుగా మడిచి, బిందె మూతికి కట్టి నీళ్లు వడగట్టడం. కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. కొత్త చీర కాదు సుమా! ఉతికి ఉతికి మెత్తబడిన దారాలు విచ్చుకొని సందులను చిన్నవి చేస్తాయి. ఖరీదైన ఫిల్టరు లేదని దిగులుపడే తల్లులకు ఈ సంగతి చెప్పాలి.

పురుగుల నుండి విడిపోయిన క్రిములను మాత్రం బట్ట ఆపలేదు. కనుక కట్టెలు, గ్యాసు ఉన్నవారు నీళ్లు మరగకాచవలసిందే. మన కోస్తా కూడా ఆ బంగాళాఖాతం ఒడ్డుదే. తుపాను తరువాత మరీ జాగ్రత్త.

బియ్యం కడిగిన నీళ్ల వంటి విరేచనాలైతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి త్రాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.