బ్యాళ్లు ఉడకని బావి

ఇట్లా రండి పిల్లలూ, అరుగు మీద కూర్చోండి. కందిబ్యాళ్లు ఎంతసేపు పొయ్యి మీదున్నా పలుకుగానే ఉన్నాయని మీ అవ్వ విసుక్కుంటోంది కదా, అదంతా చేనిబావి పని. ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. పప్పులో పెక్టిన్ అని ఒక జిగురుంటుంది. కాల్షియం దాన్ని పట్టుకుని బిగించేస్తుంది. ఇంకెక్కడ మెత్తబడుతుంది! సబ్బు నురగ రాకపోయేదీ ఆ కాల్షియం వల్లే.

మరి నీళ్లలోకి ఇలాంటి ఉప్పులు ఎక్కడి నుంచి వచ్చాయి? మన అనంతపురానికి సముద్రమా, సంద్రపుగాలా? ఈ ఉప్పులన్నీ మన రాళ్లలోవే. వాననీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం పులుపెక్కుతాయి. రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచి సోడియం, కాల్షియం లాంటివి కరిగించుకుంటాయి. వానలు దండిగా ఉంటే అవి కొట్టుకుపోయేవే. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మన ఎండకేమో అంతకు మూడింతలకు పైగా నీళ్లను ఆవిరిచేసే శక్తి ఉంది. పులుసు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కువైనట్టే ఇదీను. బోరునీళ్లు పారించినా అంతే, పైరు నీళ్లు తాగి ఉప్పును చాలావరకు మట్టికే వదిలేస్తుంది.

అట్లా నేల మీద తెల్లగా పొంగేదే చౌడు. వెనకటికి చాకళ్లు ఆ చౌడుమన్నుతోనే బట్టలు ఉతికేవాళ్లు. అందులో సోడియం కార్బొనేటు ఉంటుంది మరి! సోడియం ఎక్కువైన చౌడుకు రైతులు జిప్సం చల్లుతారు. జిప్సంలో ఉండేది కాల్షియమే. అది మట్టిని అంటుకున్న సోడియాన్ని వదిలిస్తుంది, తర్వాత నీళ్లు పెట్టి కడిగేస్తారు. వంటింట్లో మొండికేసిన కాల్షియమే చేలో మందు కావడం చూస్తే నాకు ఇప్పటికీ సంబరమే.

ఇంకో సంగతి జాగ్రత్తగా వినండి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడును అది కట్టిపెడుతుంది. కాల్షియం తగ్గి సోడియం పెరిగిన నీళ్లలో ఫ్లోరైడు తేలిగ్గా చేరుతుంది. అలాంటి నీళ్లు నోటికి బాగానే ఉండొచ్చు, సబ్బూ నురగ రావొచ్చు. ఫ్లోరైడుకు రుచీ లేదు, వాసనా లేదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు వల్ల ఎముకలను పట్టే జబ్బును 1937లోనే గుర్తించారు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. కాచితే పోతుందనుకునేరు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. కొత్త బోరు వేస్తే ముందు ఒక సీసాడు నీళ్లు పరీక్షకు పంపమని మీ నాయనలకు చెప్పండి. ఆ చీటీ చూశాకే తాగండి.