పందెము తరలినది, పిల్లవాడు నిలిచిపోయెను

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచినవి. ఆ యేడే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరులోని తన భవనములను సైన్యమునకు వదలి గుంటూరు చేరినది. ప్రత్తికిని మిరపకును పేరుగన్న పట్టణము యుద్ధకాలమున విద్యాపీఠమై, కట్టమంచి రామలింగారెడ్డిగారి పరిపాలనకు నెలవైనది. తీరమునకు భయము గలిగినపుడు చదువు లోనాటికి తరలుట వింత గాదు. అట్లే తరలిన యొక ఆటను గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి. అది మన దేశపు ముచ్చట కాదు.

1941లో అమెరికాయందలి ఆరెగాను స్టేటు కళాశాల ఫుట్‌బాలు జట్టు పసిఫిక్ తీరపు జట్లలో మొదటిదై, పాసడీనాలో నూతన సంవత్సరమునాడు జరుగు రోజ్‌బౌల్ పందెమునకు అర్హత పొందినది. పాఠకులు పొరపడకుందురు గాక: అమెరికావారు ఫుట్‌బాలనునది కోడిగ్రుడ్డువంటి బంతిని చంకనిడుకొని పరుగెత్తు ఆట. కాలికి అందు పని స్వల్పము. పేరు మాత్రము కాలిదే!

డిసెంబరు 7న పెర్లు హార్బరుపై దాడి జరిగెను. పడమటి తీరమున జనము గుంపుగూడరాదని సైన్యాధికారులు కోరిరి. అంతట ప్రత్యర్థియైన డ్యూక్ విశ్వవిద్యాలయము, ఖండమున కావలి కొననున్న తన డర్హం పట్టణమునకే ఆటను ఆహ్వానించినది. ప్రేక్షకుల కొరకు ఇరుగుపొరుగు కళాశాలలనుండి బల్లలు ఎరువు దెచ్చిరి. ఆ యేట అంతవరకు ఓటమి యెరుగని డ్యూక్ జట్టును 1942 జనవరి 1వ తేదీన ఆరెగానువారు 20–16తో గెలిచిరి.

ఆ గెలుపున పాలుగొనని ఆటగాడొకడు గలడు. జాక్ యోషిహారా జపానులో పుట్టి, మూడేండ్ల ప్రాయముననే అమెరికా చేరినవాడు. జట్టు అభ్యాసము చేయుచున్న మైదానమునకే ప్రభుత్వ గూఢచారులు వచ్చి, ఇంటికి ముప్పదియైదు మైళ్లు దాటి పోరాదని యతనిని ఆపిరి. తోడివారు రైలెక్కిరి, అతడు నిలిచిపోయెను. మరికొన్ని నెలలకు ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరమునకు పంపబడెను. ఆ యుద్ధమున ఇట్లు బంధింపబడిన జపాను వంశీయులు సుమారు 1,20,000; అందు అధిక సంఖ్యాకులు అమెరికా పౌరులే.

ఆటను తరలించుట జాగ్రత్త యనుకొందము. విశ్వకళాపరిషత్తును గుంటూరునకు తెచ్చుటయు అట్టిదే. దానిని మేము తప్పుపట్టము. కాని నేరమేదియు చేయని కుఱ్ఱవానిని పుట్టుకనుబట్టి ఆపుట జాగ్రత్త యెట్లగును? స్వాతంత్ర్యము కొరకే పోరుచున్నామని చాటిన ప్రభుత్వములు తమ నీడన నున్నవారిని చూచిన చూపు ఇట్టిది. అదే 1942 ఆగస్టు 12వ తేదీన మన తెనాలిలో పోలీసు తుపాకులకు ఏడ్వురు బలియైరి. వారడిగినదియు స్వాతంత్ర్యమే.

డర్హంలో ఎదురెదురుగా నిలిచిన ఇరుపక్షముల యువకులును పిమ్మట సైన్యమున చేరిరి. కొందరు తిరిగి రాలేదు. ఇటలీ రణరంగమున గాయపడి పడియున్న డ్యూక్ ఆటగాడు చార్లెస్ హేన్స్‌ను కాపాడినవాడు ఆనాటి ఆరెగాను ఆటగాడే, ఫ్రాంక్ పార్కర్.

యోషిహారాకు ఆ పందెపు విజేతల ఉంగరము 1985లో చేతికి వచ్చినది. కళాశాల 2008లో గౌరవపట్టము నిచ్చినది. ఆ మరుసటి యేడే అతడు కన్నుమూసెను.