మందారం మొగ్గలు ఎందుకు రాలిపోతాయి?

చెట్టు ఏపుగా ఉంటుంది, ఆకు నిగనిగలాడుతుంది. రేపు విచ్చుతుందనుకున్న మొగ్గ మాత్రం తెల్లారేసరికి పసుపు పచ్చగా మారి కుండీలో రాలి ఉంటుంది. మందారం పెంచే చాలా ఇళ్లలో ఉండే దిగులే ఇది.

విచ్చిన మందారం సాధారణంగా ఒక్క రోజే ఉంటుంది. అది ముడుచుకుని రాలితే బెంగ అక్కర్లేదు. విచ్చకముందే రాలితేనే కారణం వెతకాలి.

ఎక్కువసార్లు ఆ కారణం నీళ్లే. తక్కువయ్యాయనో ఎక్కువయ్యాయనో కాదు, ఒక తీరుగా అందకపోవడం. రెండు రోజులు మరిచిపోయి మూడో రోజు బకెట్టెడు కుమ్మరిస్తే వేరు తట్టుకోలేదు. తొడిమను దగ్గరగా చూడండి, మొగ్గకు కాస్త కింద చిన్న అతుకు కనిపిస్తుంది. మొక్కకు ఇబ్బంది రాగానే అక్కడి కణాల పట్టు సడలి మొగ్గ తెగిపోతుంది.

మే నెలలో మిద్దె మీది పన్నెండంగుళాల కుండీ మధ్యాహ్నానికే ఎండిపోతుంది. అప్పుడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోయాలి. వానాకాలంలో వరసగా కొన్ని రోజులు పోయనక్కర్లేకపోవచ్చు. అందుకే గడియారం చూసి కాదు, మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూసి పోయండి. తడి తగిలితే ఆగండి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది. కుండీ కింద పళ్లెంలో నీరు మాత్రం నిలవనివ్వొద్దు, వేరు కుళ్లుతుంది. మా మిద్దె మీద ఎర్ర రేక మందారం ఎండలకు ఓర్చుకుంది, పక్కనే ఉన్న ముద్ద మందారం మొగ్గలన్నీ రాల్చేసింది. ముద్ద రకాలకు ఈ బాధ ఎక్కువ.

నీళ్లు సరిగా ఉన్నా రాలుతున్నాయా? రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. లోపల సన్నటి పురుగు ఉంటే, రాలినవన్నీ రోజూ ఏరి కవరులో మూటకట్టి పారేయండి. అలాగే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి, రెక్కలతో మళ్లీ పైకొస్తుంది. చిగుళ్ల మీద తెల్లటి పిండినల్లి కనిపిస్తే ముందు నీటిధారతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక చల్లండి. చీమల్ని కూడా ఆపాలి, తీపి జిగురు కోసం ఆ పిండినల్లిని కాపాడేది అవే.

అసలు మొగ్గే వేయకపోతే ఎండ చాలడం లేదేమో చూడండి. రోజుకు ఆరు గంటలైనా కావాలి. యూరియా వేస్తే ఆకులే పెరుగుతాయి. బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త పొటాష్ మేలు.

మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. పూచే కొమ్మను కోయడానికి ప్రాణం ఒప్పదు, నిజమే. అయినా తొలకరికి మూడో వంతు కత్తిరించండి. ఆ కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి తీసుకుని, జానెడు ముక్కలుగా కోసి, పైన రెండాకులు ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. వేరు పట్టడానికి నెల, నెలన్నర పడుతుంది. పట్టిందో లేదో అని పీకి చూడకండి. ముందే ఆకు విప్పినా నమ్మొద్దు, అది కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చిన చిగురు కావచ్చు. మెల్లగా కదిపితే ముక్క మట్టిని పట్టుకుని ఉండాలి.