చికమాగా శిల

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత నేటికిని మన ప్రజల నోట వినబడుచున్నది. విభీషణుడు ధర్మపక్షమును చేరినను లోకము వానిని పూర్తిగా క్షమింపలేదు. స్వజనమును విడిచినవాని గతి యే దేశమునందైనను నింతియే. అమెరికా అంతర్యుద్ధ సేనాని జార్జి హెన్రీ థామస్ జీవితమే యిందుకు తార్కాణము.

థామస్ 1816లో వర్జీనియా రాష్ట్రమున, బానిసల చాకిరిపై నాధారపడిన భూస్వామి కుటుంబమునందు జన్మించెను. 1831లో నాట్ టర్నర్ నాయకత్వమున బానిసలు తిరుగబడినప్పుడు, పదునైదేండ్ల యీ బాలుడు తల్లితోను తోబుట్టువులతోను ఇల్లు విడిచి పారిపోవలసివచ్చెను. 1840లో వెస్టుపాయింటు సైనిక కళాశాలయందు ఉత్తీర్ణుడై, మెక్సికో యుద్ధమున ఫిరంగిదళమునందు ఖ్యాతి గడించి, పిదప నా కళాశాలయందే శిక్షకుడయ్యెను. తరువాత నొక అశ్వికదళమున రాబర్టు లీతో గలసి పనిచేసెను.

1861లో దక్షిణ రాష్ట్రములు వేరుపడగా లీ కొలువు వదలి వర్జీనియా వెంట నడచెను. థామస్ కదలలేదు. దేశమునకు చేసిన ప్రమాణమే యతనికి ప్రధానమయ్యెను. సోదరీమణులు అతని చిత్తరువును గోడవైపునకు త్రిప్పివైచిరని చెప్పుదురు. ఇటు ఉత్తరాదివారికిని దక్షిణాదివాడైన యీ సేనానిపై సందేహమే!

ఆ సందేహమునకు రణభూమియే సమాధానము చెప్పెను. 1863 సెప్టెంబరు 19, 20 తేదీలలో జార్జియా రాష్ట్రమందలి చికమాగా వద్ద ఘోరసంగ్రామము జరిగెను. రెండవనాడు పొరపాటున నొక దళము తన చోటు విడువగా, నా సందున శత్రువులు చొచ్చుకొనివచ్చిరి. సైన్యములో గొప్పభాగము చెదరిపోయెను. ప్రధాన సేనాని రోజ్‌క్రాన్సే చట్టనూగా పట్టణమునకు మరలెను. థామస్ మాత్రము స్నాడ్‌గ్రాస్ కొండపై మిగిలినవారిని కూడగట్టుకొని, సాయంకాలమువరకు నిలిచి, సైన్యమును సర్వనాశనమునుండి కాపాడెను. “చికమాగా శిల” యను బిరుదము నాడు లభించినదే.

1864 డిసెంబరులో నాష్‌విల్ వద్ద మరియొక పరీక్ష వచ్చెను. ఎదుట నున్న హుడ్ సేనాని వెస్టుపాయింటులో నితని శిష్యుడు. వెంటనే ముట్టడింపుమని గ్రాంటు తంతిపై తంతి పంపుచుండెను. అశ్వికులకు గుఱ్ఱములు చాలవు; పిదప నేలయంతయు మంచు గడ్డకట్టి యడుగు నిలువదు. పదవి యూడునని యెఱిగియు, సైనికులను వృథాగా బలిపెట్టుట కతడు సమ్మతింపలేదు. వేరొక సేనానిని గ్రాంటు పంపనే పంపెను. అతడు చేరకమునుపే మంచు కరగెను. 15, 16 తేదీలలో థామస్ ఢీకొని హుడ్ సైన్యమును చిన్నాభిన్నము చేసెను. ఆ యుద్ధమున నల్లజాతి దళములు ప్రాణములకు తెగించి కొండ నెక్కినవి. బానిసల తిరుగుబాటుకు భయపడి పారిపోయిన బాలుడే నేడు వారికి సేనాని!

1868లో అధ్యక్షుడు జాన్సన్ గ్రాంటునకు పోటీగా నితనికి పదవోన్నతి నీయజూడగా, యుద్ధానంతరము తా నందుకు తగిన పని యేమియు చేయలేదని నిరాకరించెను. 1870 మార్చి 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో, నాష్‌విల్ విషయమై పత్రికలో వచ్చిన విమర్శకు సమాధానము వ్రాయుచుండగా కుప్పకూలి, నాడే మరణించెను. భార్య పుట్టినయూరు ట్రాయ్‌లో జరిగిన యంత్యక్రియలకు రక్తబంధువు లొక్కరును రాలేదు.

వర్జీనియా రాజధాని రిచ్మండులో 1890లో వెలసిన లీ విగ్రహము 2021లో తొలగింపబడినది. వాషింగ్టనులో తోడి సైనికులు 1879లో ప్రతిష్ఠించిన థామస్ విగ్రహము నేటికిని చెక్కుచెదరక యున్నది. బంధువులు మొగము త్రిప్పుకొన్నను, మాటపై నిలిచినవానిని కాలము మఱవదు.