కోరంగి ధర్మం, బోస్టన్ ప్రయాణం

కె.గంగవరం మండలంలో కోటిపల్లి రేవు దగ్గర నిలబడితే గౌతమి నిండుగా కనిపిస్తుంది. అవతలి గట్టున ముక్తేశ్వరం. ఇదే నీళ్ల వెంట దిగువకు పోతే యానాం, ఆ పక్కనే కోరంగి. ఒకప్పుడు కోరంగి గొప్ప ఓడరేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టాక కూడా అక్కడివాళ్లు సముద్రాన్ని వదల్లేదు. పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో తెలుగువాళ్లందరినీ ‘కొరింగీలు’ అనే పిలిచేవారంటే, ఈ చిన్న ఊరి పేరు అక్కడ ఎంత మోగిందో ఊహించుకోవచ్చు.

అలా రంగూన్ వెళ్లి సంపాదించిన కోరంగివాడు మల్లాడి సత్యలింగం నాయకర్. తన కష్టార్జితంలో పెద్ద భాగాన్ని ధర్మకార్యాలకు రాసి పోయారు. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ పేరుతో నేటికీ వినిపించే సంస్థ ఆయన జ్ఞాపకమే. అక్కడి చదువుల చరిత్రలో ఆ మూడక్షరాలు చాలాచోట్ల తగులుతాయి. ఆ సంస్థ చేసిన పనుల్లో ఒకటి మాత్రం కాకినాడ దాటి, దేశం దాటి, తిరిగి మన గోదావరి పల్లెలకే వచ్చింది. పోయినవారి పేరిట పిల్లల చదువుకు నిధి పెట్టాలనుకునే ప్రతివారూ తెలుసుకోవలసిన కథ అది.

మార్కులు చూస్తే దొరకని కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగారు. శస్త్రచికిత్స ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసిన చోట దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఇంట్లో సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో చనిపోయారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెబుతూ, అమెరికా వెళ్లి పరిశోధన చేయాలని ఆయన తపించారు. చేతిలో డబ్బు లేదు, హార్వర్డు నుంచి ఉపకారవేతనమూ రాలేదు.

అప్పుడు రెండు చేతులు ఆదుకున్నాయి. ఒకటి అనపర్తికి చెందిన మామగారిది. ఆయన కొంత సొమ్ము పోగుచేశారు. రెండోది సత్యలింగం నాయకర్ ఛారిటీస్‌ది. సాయం చేస్తామని ఆ సంస్థ మాట ఇచ్చింది. ఆ ధైర్యంతో ఓడెక్కిన సుబ్బారావు బోస్టన్‌లో దిగారు.

తర్వాతది లోకానికి తెలిసిన చరిత్ర. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూనే హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఇవాళ్టికీ దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలు వెలుగులోకి రావడం వెనుకా వారి కృషి ఉంది. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు మారాక, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరుల్ని బలి తీసుకున్న స్ప్రూకు అది మందయింది. మన గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లమూ అదే.

మన గోదావరి పల్లెలకు అంతకంటే దగ్గరి సంగతి మరొకటి. లెడర్లీలో ఆయన నాయకత్వంలో 1947లో వెలువడిన హెట్రజాన్, అంటే డీఈసీ, బోదకాలు వ్యాధికి మందు. ఫైలేరియా మన డెల్టాను తరతరాలుగా పట్టి పీడించిన జబ్బు. మురుగు కాలువలు, దోమలు, ఒక కాలు వాచి కదల్లేని మనుషులు పల్లెల్లో పెద్దవాళ్లు కళ్లారా చూసినవే. ఆ జబ్బును నివారించడానికి ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం ముందుకొచ్చి మింగించే మాత్రల్లో డీఈసీ ఉంటుంది. కోరంగి మనిషి సముద్రం దాటి కూడబెట్టిన సొమ్ము ఒక కుర్రాడికి ధైర్యమైంది. ఆ కుర్రాడి బుర్రలోంచి పుట్టిన మందు మన గుమ్మంలోకే వచ్చింది. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూసిన సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేకపోయారు. ఆయన చేసిన మందు వచ్చింది.

ఈ కథలో గమనించవలసిన మాట ఒకటుంది. పదో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చినవారికే సాయం అనే నియమం ఉంటే సుబ్బారావు ఆ జాబితాలో ఎక్కడా ఉండేవారు కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు, చిన్న పట్టా ఉన్నవాడు, ప్రొఫెసరు కోపానికి గురైనవాడు ఆయన. నిధి పెట్టేవాళ్లు మార్కుల పట్టీ ఒక్కటే చూడకుండా మనిషిని కూడా చూడాలి. నా మట్టుకు స్మారక నిధి విలువంతా అక్కడే ఉంది. కాళ్ల కింద నేల జారిపోతున్న వేళ ఎవరికి ఊతమిచ్చిందన్నదే దాని గొప్పతనానికి కొలత.

ఫ్యాను రెక్కల మీది పేర్లు

మన ఊళ్లలో ధర్మబుద్ధికి కొదవ లేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలితో వచ్చినవాళ్లకు కులమతాలు చూడకుండా అన్నం పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకం ఆమె పేరుతోనే నడుస్తోంది. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆడపిల్లలకు, దళిత విద్యార్థులకు తలుపులు తెరిచిన చోటు. ఏ పల్లె బడికి వెళ్లినా గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద, సీలింగు ఫ్యాను రెక్క మీద ‘ఫలానా వారి జ్ఞాపకార్థం’ అనే అక్షరాలు కనిపిస్తాయి. ఆగస్టు 15న టెంత్ ఫస్టు వచ్చిన అమ్మాయికి శాలువా కప్పి వెయ్యినూటపదహార్లు చేతిలో పెడతారు. మంచి పనే. అయితే ఆ అమ్మాయి జూన్‌లో ఇంటర్‌లో చేరేటప్పుడు కావలసింది వేరు. హాస్టల్ అడ్వాన్సు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు రుసుము, ఎవరిని అడగాలో చెప్పే పెద్దమనిషి. ఆ జూన్ నెలలో పల్లె పిల్లల చదువులు ఎన్నో చప్పుడు లేకుండా ఆగిపోతాయి.

బడిలో ఉన్నంతకాలం ప్రభుత్వం చాలా ఇస్తోంది. పుస్తకాలు, యూనిఫాం, బ్యాగు, బూట్లు, భోజనం అందుతున్నాయి. ‘తల్లికి వందనం’ కింద 2025లో ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేశారు. కాబట్టి స్మారక నిధి మళ్లీ నోటుపుస్తకాలే పంచితే అది ఉన్నచోటే పోసినట్టు. ప్రభుత్వం చేయి అందని సందు ఎక్కడుందో వెతికి, అక్కడ పోయాలి.

వెయ్యి రూపాయల దారి

అలాంటి సందు ఒకటి ఎనిమిదో తరగతిలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2008 నుంచి జాతీయ ప్రతిభ-ఆర్థిక ఉపకారవేతనం ఇస్తోంది. బడుల్లో దీన్ని అందరూ ఎన్ఎంఎంఎస్ అంటారు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు పరీక్ష రాయవచ్చు. ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నెలకు వెయ్యి చొప్పున ఏటా 12,000, మొత్తం నాలుగేళ్లకు 48,000 రూపాయలు వస్తాయి. దేశం మొత్తానికి ఏటా లక్ష ఉపకారవేతనాలు ఇందులో ఉన్నాయి.

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి మానసిక సామర్థ్యానిది. అందులో అంకెల వరుసలు, బొమ్మల్లో పోలికలు, తర్కం ఉంటాయి. రెండోది పాఠ్యాంశాలది. పాఠాలు వచ్చిన పిల్లలకు కూడా మొదటి భాగం కొత్తగా ఉంటుంది, ఎందుకంటే ఆ తీరు ప్రశ్నలు తరగతి గదిలో అంతగా ఎదురుకావు. దానికి కావలసింది సాధన. కొన్ని నెలల పాటు సాయంత్రం ఒక గంట, ఒక మంచి అభ్యాస పుస్తకం, ఓపికున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉంటే చాలు.

ఒక లెక్క వేసి చూద్దాం. మండలంలోని జడ్పీ ఉన్నత పాఠశాలల నుంచి అరవై మంది పిల్లలకు తలా 300 రూపాయల పుస్తకాలు కొంటే 18,000 అవుతుంది. వారిలో అయిదుగురే ఎంపికయ్యారనుకుందాం. నాలుగేళ్లలో వాళ్ల ఇళ్లకు వచ్చేది 2,40,000 రూపాయలు. ఎంపిక కాని యాభై అయిదు మందికి కూడా ఆలోచించే అలవాటు మిగులుతుంది. అందుకే నేరుగా చేతికిచ్చే డబ్బు కంటే ఇలాంటి తర్ఫీదు చాలాసార్లు ఎక్కువ ఫలం ఇస్తుంది.

పరీక్ష గెలిచాక ఇంకో చిక్కుంది. జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయించాలి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా వచ్చినా సొమ్ము ఆగవచ్చు. కూలికి వెళ్లే తల్లిదండ్రులు దీని కోసం ఎన్నిసార్లు పని మానుకుని తిరగగలరు? స్మారక నిధి తరఫున ఒక మనిషి ఈ కాగితాల పని చూసుకుంటే అదీ ఉపకారవేతనం ఇచ్చినంత మేలే.

పుస్తకం ఇంటి దాకా

చదువుకు తోడైన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గ్రంథాలయం. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య (1890–1979) పుట్టింది మన గోదావరి సీమలోని కొంకుదురులోనే. 1935లో పాతూరి నాగభూషణం తెనాలి ప్రాంతపు కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. కాలువలున్న సీమలో చదువు కూడా నీళ్లలా పారాలనుకున్న ఆలోచన అది. 1999లో మొదలై కుప్పం దగ్గర ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ సైన్సు పరికరాలను వ్యానుల్లో పెట్టి పల్లె బడులకు తీసుకెళ్తోంది. పడవైనా వ్యానైనా సూత్రం ఒకటే. పిల్లవాడు వస్తువు దగ్గరికి రాలేకపోతే వస్తువే పిల్లవాడి దగ్గరికి వెళ్లాలి. మండల స్థాయి నిధికి ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలు, ఒక సూక్ష్మదర్శిని, వాటిని నెలకో బడికి మార్చే ఆటో కిరాయి మించిన భారం కాదు.

మూలధనం తినకూడదు

నిధి నిలవాలంటే లెక్క తెలియాలి. పది లక్షల మూలధనాన్ని బ్యాంకులో వేశామనుకుందాం. ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 70,000. పెద్దలు చెప్పినట్టు చెట్టును కొట్టకుండా కాయలే తినాలి. కానీ ధరలు ఆగవు. ఏటా అయిదు శాతం చొప్పున పెరిగితే పద్నాలుగేళ్లలో 5,000 రూపాయల సాయం విలువ సగానికి పడిపోతుంది. ఒకప్పుడు ఏడాది ఫీజుకు సరిపోయిన నూటపదహార్ల బహుమతులు ఇవాళ ఆశీర్వచనంగానే మిగిలాయి. అందుకని మూలధనం పెరుగుతూ ఉండాలి. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం నమోదైన ధర్మసంస్థ తన ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం ఖర్చుపెట్టాలని నియమం ఉంది. మిగిలిన పదిహేను శాతం దాచుకోవచ్చు. మన 70,000లో అది 10,500. అది చాలదు. ఏటా సంవత్సరీకం రోజున కుటుంబంలో అందరూ తలా కొంత మూలధనంలో వేసే ఆచారం పెట్టుకుంటే, పోయినవారిని తలచుకోవడమూ నిధిని పెంచడమూ ఒకేసారి జరిగిపోతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు మరో సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు పంపే సొమ్ము విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం, పుట్టింది కోనసీమలోనే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థలే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. కొత్త సంస్థ పెట్టి చిక్కుల్లో పడే కంటే, ఇప్పటికే అనుమతులున్న సంస్థతో కలిసి తమ వాళ్ల పేరిట ఒక ప్రత్యేక నిధి నడపడం చాలామందికి తేలిక.

మాట ఇవ్వడం

సుబ్బారావు కథలో ‘సాయం చేస్తాం’ అన్న మాట ఉంది. డబ్బు కంటే ముందు నడిచింది ఆ మాటే. లేనివాళ్లు బిడ్డను పై చదువుకు పంపేటప్పుడు భయపడేది ఈ ఏడాది ఫీజు గురించి కాదు. వచ్చే ఏడాది ఏమవుతుందోనని. ఒకసారి ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోయే నిధి ఆ భయాన్ని తీర్చలేదు. ‘నువ్వు చదువుతున్నంతకాలం మేమున్నాం’ అని కాగితం మీద రాసిచ్చే నిధి తీరుస్తుంది. పదిమందికి తలా కొంచెం పంచే కంటే ఇద్దరికి నాలుగేళ్లు తోడుండటం మేలని నేను నమ్ముతున్నాను. 1892లో జంషెట్‌జీ టాటా పెట్టిన విద్యానిధి పై చదువులకు వెళ్లేవారికి డబ్బు రుణంగా ఇచ్చింది. దళిత కుటుంబంలో పుట్టి, ఆ రుణంతో లండన్‌లో చదువుకున్న కె.ఆర్. నారాయణన్ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. తిరిగి కట్టే బాధ్యతలోనూ ఒక గౌరవం ఉంది.

గౌరవం సంగతి మరిచిపోకూడదు. పిల్లను వేదిక మీదికి పిలిచి ‘నిరుపేద విద్యార్థిని’ అని మైకులో చెప్పడం ఆ పసిమనసుకు గాయం. ఎంపిక ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీ, ఊరి పెద్దలు కలిసి చేయాలి. సాయం నేరుగా ఖాతాలో పడాలి. లెక్కలు ఏటా ఊరందరికీ కనబడాలి. ఆ పిల్ల పేరు మాత్రం గోడ మీద అక్కర్లేదు.

సత్యలింగం నాయకర్‌కు గానీ, ఆయన ఆస్తిని చూసిన ధర్మకర్తలకు గానీ తాము సాగనంపే కుర్రాడు ఏమవుతాడో తెలియదు. తెలియకపోయినా మాట ఇచ్చారు. ఈ జూన్‌లో గౌతమి గట్టున ఏదో ఇంట్లో పదో తరగతి పాసైన ఒక అమ్మాయి, మార్కులు అంతంతమాత్రమే, ఆలోచన మాత్రం పదునైనది, ‘ఇక చాల్లే’ అన్న మాట వినబోతోంది. ఆ ఇంటికి ఎవరో ఒకరు ముందే వెళ్లి మాట ఇవ్వాలి.