టైటాన్ గాలిలో ఎనిమిది రోటార్లు

కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతు నీటి మీంచి లేవడం చూడండి. రెక్కలు బలంగా కొడుతూ, కాళ్లతో నీళ్లు తన్నుకుంటూ కాస్త దూరం పోతే గానీ ఆ ఒళ్లు పైకి లేవదు. శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ మీద ఇంత అవస్థ ఉండదు. అక్కడి గాలి మన గాలి కన్నా నాలుగు రెట్లు చిక్కన. గురుత్వాకర్షణ మాత్రం ఇక్కడి దాంట్లో ఏడో వంతే. లెక్క కడితే, ఇక్కడ ఒక డ్రోన్ గాల్లో నిలబడడానికి పట్టే శక్తిలో దాదాపు నలభయ్యో వంతు అక్కడ సరిపోతుంది.

అందుకే అక్కడికి చక్రాల బండి కన్నా ఎగిరే యంత్రాన్ని పంపడమే సరైన నిర్ణయమని నా నమ్మకం. దాని పేరు డ్రాగన్‌ఫ్లై. ఎలిజబెత్ టర్టిల్ నాయకత్వంలో జాన్స్ హాప్‌కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీ ప్రతిపాదించిన ఈ యాత్రను నాసా 2019 జూన్‌లో ఎంపిక చేసింది. బరువు టన్నుకు కాస్త తక్కువ. నాలుగు మూలలా, ఒకదాని కింద ఒకటిగా రెండేసి రోటార్లు.

చిక్కంతా కరెంటు దగ్గరే. అంత దూరాన, ఆ మసక ఆకాశం కింద సోలార్ పలకలు పనికిరావు. ప్లుటోనియం వేడితో నడిచే జనరేటర్ ఇచ్చేది సుమారు నూరు వాట్లు. నేరుగా ఎగరడానికి అది చాలదు. అయితే టైటాన్ మీద ఒక రాత్రి అంటే మనకు ఎనిమిది రోజులు. ఆ రాత్రంతా బ్యాటరీ నింపుకుని, పగలు ఎగురుతుంది. జనరేటర్ వేడి వృథా పోదు: మైనస్ 179 డిగ్రీల చలిలో లోపలి పరికరాలను కాపాడేది అదే.

పరాయి గ్రహం మీద మోటారుతో ఎగరవచ్చని ముందుగా చూపించిన ఇంజెన్యుటీ హెలికాప్టర్ వెనుక ఉన్న చీఫ్ ఇంజినీరు బాబ్ బలరామ్, మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో చదువుకున్నారు. 1960లలో ఆయన మేనమామో బాబాయో ఎవరో, అమెరికా కాన్సులేట్‌కు ఉత్తరం రాసి నాసా పుస్తకాలు తెప్పించారట. ఆ పిల్లవాడు పెద్దయి ఆ 1.8 కిలోల హెలికాప్టర్‌ను అంగారకుడి పలచటి గాలిలో 2021 ఏప్రిల్ 19న ఎగరేయించారు. అయిదు సార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. 2024 జనవరిలో గుర్తులేవీ లేని ఇసుక మీద దాని కెమెరా దారి పోల్చుకోలేక, దిగేటప్పుడు రెక్కలు దెబ్బతిన్నాయి.

డ్రాగన్‌ఫ్లై కూడా ఇసుక దిబ్బల మధ్యే దిగాలి. భూమి నుంచి సంకేతం చేరడానికే గంటకు పైగా పడుతుంది కాబట్టి దారి తనే చూసుకోవాలి. ముందుకెళ్లి కొత్త చోటును పరిశీలించి, వెనక్కొచ్చి తెలిసిన చోటే వాలుతుంది. కొత్త చోటు మంచిదని తేలాకే తర్వాతి విడత అక్కడ దిగుతుంది.

ప్రయోగం 2028 జులైలో, చేరేది 2034లో. ఈలోగా చిన్న టెలిస్కోపుతోనైనా శని పక్కన టైటాన్ చుక్క కనిపిస్తుంది. కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం సైన్సు మాస్టార్లూ, ఒక్క రాత్రి మీ పిల్లలకు దాన్ని చూపించండి.